ఎలినార్ ఆస్ట్రోమ్ మాట మన కాలువల కింద చెల్లుతుందా?

పౌరశాస్త్రం మాస్టారు:
డిగ్రీ పిల్లలకు రాజనీతిశాస్త్రం చెప్తాను. మా సబ్జెక్టు ఎందుకూ పనికిరాదని అనేవాళ్లకు నేను చూపించే పేరు ఎలినార్ ఆస్ట్రోమ్. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆమె, కానీ చదివిందీ బోధించిందీ రాజనీతిశాస్త్రం. ఆడపిల్లకు త్రికోణమితి ఎందుకని బళ్లో వెనక్కి లాగారు. తర్వాత ఆ లెక్కలు రావనే కారణంతోనే అర్థశాస్త్రం పీహెచ్‌డీలో చేర్చుకోలేదు. 1965లో రాజనీతిశాస్త్రంలో డాక్టరేట్ తీసుకుని, ఇండియానా విశ్వవిద్యాలయంలో పొద్దున ఏడున్నర క్లాసులు చెప్పే చిన్న ఉద్యోగంతో మొదలయ్యారు.

ఉమ్మడి ఆస్తిని జనానికి వదిలితే ఎవరికి వాళ్లు దోచుకుని పాడుచేస్తారని 1968లో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త రాస్తే, పండితులు చాలామంది తలూపారు. ఈమె మాత్రం స్విట్జర్లాండ్ పచ్చిక బయళ్లు, స్పెయిన్ కాలువలు, ఫిలిప్పీన్స్ రైతు సంఘాలు ఎలా నడుస్తున్నాయో ఒక్కొక్కటే పరిశీలించి, 1990లో 'గవర్నింగ్ ది కామన్స్' రాశారు. శతాబ్దాలుగా జనమే కాపాడుకుంటున్న ఉమ్మడి వనరులు బోలెడున్నాయని నిరూపించారు. అందుకే కాలువ నీటి పంపకం ఇరిగేషన్ శాఖ నుంచి తీసి రైతులకే అప్పగించాలంటాను. మీరేమంటారు?

చివరి ఆయకట్టు:
నేనొప్పుకోను మాస్టారూ. అప్పగించి చూశారు కదా. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం చేసి, ఎన్నికలు పెట్టి, పదివేలకు పైగా నీటి సంఘాలు ఏర్పాటు చేశారు. మా కాలువ మీద సంఘం అధ్యక్షుడయింది ఎగువ ఊరి కాంట్రాక్టరే. పూడిక సగం తీసి పూర్తి బిల్లు ఎత్తుకున్నారు. రాత్రిళ్లు తూము ఎత్తేసేదీ వాళ్ల మనుషులే. నిలదీయడానికి వెళ్తే మాలో సగంమంది కౌలుదార్లు, రికార్డుల్లో పేరు లేనివాళ్లు, ఓటు లేనివాళ్లు. 'రైతులే చూసుకుంటారు' అంటే మా దగ్గర బలమున్న రైతు చూసుకుంటాడని అర్థం.

పౌరశాస్త్రం మాస్టారు:
మీ బాధ నిజమే. కానీ ఆ సంఘాలు ఆస్ట్రోమ్ చెప్పినవి కావండీ. హద్దులు, నియమాలు, డబ్బు అన్నీ పైనుంచే దిగాయి. ఆవిడ చెప్పింది వేరు: నియమం పెట్టుకోవడంలో వాడుకునేవాడికి పాలుండాలి, కాపలా కాసేవాడు వాళ్లకు జవాబుదారీగా ఉండాలి, తప్పు చేసినవాడికి మొదట చిన్న శిక్ష, మళ్లీ చేస్తే పెద్దది.

మన కర్నూలు జిల్లానే చూడండి. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు అక్కడి కాలువ కింది ఊళ్లు తిరిగి 1988లో పుస్తకం తెచ్చాడు. కొన్ని ఊళ్లలో రైతులే జీతమిచ్చి, పొలాలకు నీళ్లు పంచే నీరుగంట్లను పెట్టుకున్నారు. కోతలయ్యాక పొలాల్లో మేపుకునే హక్కును గొర్రెల కాపరులకు వేలం వేసి ఊరి నిధి కూడబెట్టారు. ఏ చట్టమూ చెప్పకుండానే! పైగా కట్టుబాటు గట్టిగా ఉన్నవి ఎక్కువగా నీళ్లు కష్టంగా అందే చివరి ఊళ్లే. ఆస్ట్రోమ్ ఆ పనిని తన వాదానికి ఆధారాల్లో ఒకటిగా తీసుకున్నారు.

చివరి ఆయకట్టు:
ఊరి లోపల కట్టుబాటు ఉంటుంది, కాదనను. ఊరికీ ఊరికీ మధ్య మాటేమిటి? ఆస్ట్రోమ్ బృందం నేపాల్లో చూసిన సంగతి మీరు చెప్పలేదు. అక్కడ రాళ్లు, కొమ్మలు వేసి కట్టిన ఆనకట్ట ఏటా వరదకు కొట్టుకుపోయేది. మళ్లీ కట్టాలంటే దిగువవాళ్ల కూలి కావాలి కాబట్టి ఎగువవాళ్లు వాళ్లకు నీళ్లొదిలేవాళ్లు. ప్రభుత్వం సిమెంటు ఆనకట్ట కట్టిపెట్టిన చోట దిగువవాళ్ల అవసరం తీరిపోయింది, చాలాచోట్ల చివరి పొలాలకు నీళ్లు తగ్గాయి. మా కాలువలోనూ అదే జరిగింది. మా నాన్న కాలంలో పూడికకు ఇంటికో మనిషి వెళ్లేవాడు, ఎగువ ఊరు మమ్మల్ని పిలవకుండా పని అయ్యేది కాదు. ఇప్పుడు ప్రొక్లెయిన్ వచ్చి రెండు రోజుల్లో తీసేస్తోంది. మా చేతిలో బేరమాడడానికి ఏముంది? అందుకే చివరి భూముల నుంచి వంతు మొదలవ్వాలని ప్రభుత్వమే రాసి, అమలు చేయాలి. అది శాఖ పనే.

బోరు కింద వేరుశనగ:
ఇద్దరికీ ఒక మాట. ఆస్ట్రోమ్ ప్రభుత్వం వద్దనలేదు. ఆమె పీహెచ్‌డీ అంశమే లాస్ ఏంజెలెస్ దగ్గరి వెస్ట్ బేసిన్ భూగర్భజలం. అందరూ పోటీపడి తోడితే సముద్రపు ఉప్పునీరు లోపలికొచ్చింది. తోడేవాళ్లే సంఘం పెట్టుకుని, కోర్టుకెళ్లి, ఎవరు ఎంత తోడాలో రాజీ కుదుర్చుకున్నారు. బేరం వాళ్లది, దానికి బలమిచ్చింది కోర్టు ఉత్తర్వు.

మన కరువు జిల్లాల్లోనూ ఒక ప్రాజెక్టు కింద రైతులే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం రాసుకుని, రబీకి ముందు ఊళ్లో కూర్చుని ఉన్న నీళ్లకు ఏ పంట సరిపోతుందో లెక్కేసుకున్నారు. అది మంచి పని, నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ లెక్క చూశాక కూడా పక్కవాడు ఇంకో బోరు వేస్తే ఆపే అధికారం ఆ రైతులకు లేదు. మాస్టారూ, సంఘానికి ఆ అధికారం రాసివ్వమని అడుగుదాం. ఆయకట్టు అన్నగారూ, అడిగేటప్పుడు కౌలుదారు పేరు ముందు రాద్దాం.