‘ప్రతిష్టంభన’ అనాలంటే ఇద్దరూ మొండికేయాలా?

నల్లరేగడి: కృష్ణా నీళ్ళ వార్త ఏది చూసినా ‘ప్రతిష్టంభన’ తప్పట్లేదు. ఒకరు సిద్ధంగా ఉండి ఇంకొకరు ఆపుతున్నా అదే మాట వాడేస్తారా? నాకు తెలిసి ఇద్దరూ బిగుసుకుంటేనే ప్రతిష్టంభన.

కొండపల్లిబొమ్మ: పని ముందుకు కదలకపోతే ప్రతిష్ఠంభనే. ఎవరు ఆపారన్నది వేరే వార్త.

ప్రూఫులతాత: ‘ష్ఠ’ కాదండీ, ‘ష్ట’. ‘ప్రతిష్ఠ’లో ఉన్నది ‘స్థా’ ధాతువు, అందుకే అక్కడ మహాప్రాణం. ఇది ‘స్తంభ’. ముందు ‘ప్రతి’ చేరితే ‘స్త’ కాస్తా ‘ష్ట’ అవుతుంది. ఒక పత్రిక డెస్కులో ఇది దిద్దినందుకు చాదస్తుడినని తిట్లు తిన్నవాణ్ణి. ఇక అర్థమంటారా, అడ్డగించడం, నిలిపేయడం. ఇద్దరుండాలనే షరతు అందులో లేదు.

నల్లరేగడి: తాతగారూ, ధాతువులు పట్టుకుని పేపర్ చదవం కదా! ఈ మాట పక్కన వచ్చే క్రియలు చూడండి: ఏర్పడింది, నెలకొంది, వీడింది. అన్నీ వాటంతటవే జరిగిపోతాయి, చేసినోడి పేరు రాదు. మా పొలం పంపకాల్లో నేను సంతకం పెట్టి కూర్చున్నా. బావి దగ్గరి మడి తనకే కావాలని మా అన్న పెట్టలేదు. మా వకీలు మాత్రం ‘మీ అన్నదమ్ముల మధ్య ప్రతిష్టంభన’ అన్నాడు. నేనేం ఆపిన?

చింతచిగురు: హాయిగా ‘పీటముడి’ అనండయ్యా.

నల్లరేగడి: పీటముడి బిగియాలన్నా రెండు కొసలూ లాగాలె. నా కొస నేను లాగలేదు.

ప్రూఫులతాత: పీటముడి మంచి మాటే. పైన ఆ ‘ష్ఠ’ మాత్రం ఇంకా అలాగే ఉంది.

కొండపల్లిబొమ్మ: దిద్దను. నల్లరేగడి గారూ, పొలం కథ ఎందుకు తెచ్చారో తెలుస్తూనే ఉంది. కృష్ణాలో ఆపేది మేమే అంటారు, అంతేగా? 2015లో 811 టీఎంసీల్లో మా ఆంధ్రకి 512, మీ తెలంగాణకి 299 అని ఒప్పుకున్నది మీవాళ్ళే.

నల్లరేగడి: అది తాత్కాలిక సర్దుబాటు. దాన్నే ఏళ్ళ తరబడి సాగదీస్తే లాభం ఎవరికి? 2023 నవంబర్ 30న, ఇక్కడ పోలింగ్ రోజు తెల్లారకముందే, సాగర్ డ్యాం మీదికి పోలీసులతో వచ్చి 13వ గేటు దగ్గర కంచె వేసిందెవరు?

కొండపల్లిబొమ్మ: సగం డ్యాం మా వైపే ఉంది. మా కుడికాలువకి మేం నీళ్ళు వదులుకోవడానికి మిమ్మల్ని అడుక్కోవాలా? 2021లో శ్రీశైలం ఎడమగట్టున కరెంటు పేరుతో నీళ్ళు కిందికి వదిలేసిందెవరో కూడా చెప్పండి.

నల్లరేగడి: ఇప్పుడొచ్చింది అసలు మాట! ‘ప్రతిష్టంభన’ అని రాస్తే ఎవరు ఆపారో రాయనక్కర్లేదు. మీకు దానిమీద ప్రేమ అందుకే.

కొండపల్లిబొమ్మ: రాస్తే మీరూ ఆపారని వస్తుంది. మీ కోపం అందుకే.

చింతచిగురు: అడ్మిన్ గారూ, దీన్ని భాష విభాగంలోంచి తీసి రాజకీయాల్లో పడెయ్యండి.

నల్లరేగడి: అవసరం లేదు. నేను అడిగింది మాట గురించే.