గేర్లు లేని సైకిల్‌తో కొండల రేసుకి వెళ్లొచ్చా?

కొండవీటి రైడర్ (గుంటూరు):
హిమాచల్‌లో జరిగే నాలుగు రోజుల మౌంటెన్ బైక్ రేసుకి పేరు ఇచ్చాను. సింగిల్ స్పీడ్ మీదే, అంటే ఒకే ఒక్క గేరున్న సైకిల్ మీదే వెళ్తున్నాను. 29 అంగుళాల చక్రాలు, ముందు పెడల్ దగ్గర పళ్ల చక్రానికి 32 పళ్లు, వెనక దానికి 20. మొన్న ఆదివారం కరకట్ట మీద టీ తాగుతూ ఈ మాట చెబితే గొడవైపోయింది. "పిచ్చా నీకు" అన్నవాళ్లు కొందరు, "నీతో వచ్చేవాళ్లకి ఇబ్బంది" అన్నవాళ్లు కొందరు. అక్కడ సగంలో ఆగిన మాట ఇక్కడ తేల్చుకుందామని రాస్తున్నాను.

కెనడాలోని బాన్ఫ్‌లో మొదలై అమెరికా, మెక్సికో సరిహద్దు దాకా సాగే టూర్ డివైడ్ సైకిల్ రేసు దాదాపు 4,400 కిలోమీటర్లు. దాన్ని సింగిల్ స్పీడ్ మీద పూర్తి చేసినవాళ్లు ఉన్నారు. అలెగ్జాండెరా హౌచిన్ అనే ఆవిడ చేసి చూపించింది. అంత దూరం సాధ్యమైనప్పుడు నాలుగు రోజులు ఎందుకు కాదు? చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే డిరైలర్ లేదు, గేరు మార్చే షిఫ్టర్ లేదు, గేర్ కేబుల్ లేదు. విరగడానికి ఉన్నవే తక్కువ. కొండవీడు ఘాట్ ఇదే సైకిల్‌తో ఆగకుండా ఎక్కుతున్నాను.

బెజవాడ పెడల్:
తమ్ముడూ, కొండవీడుని చూసి హిమాలయానికి లెక్క వేయకు. కొండవీడు ఎంత మెల్లగా తొక్కినా గంటలోపు పైన ఉంటావు. హిమాచల్‌లో జలోరి పాస్ 3,000 మీటర్లు దాటుతుంది. అలాంటి చోట ఎక్కుడు పూటంతా సాగుతుంది, పైకి పోయేకొద్దీ ఊపిరి అందదు.

ఇప్పుడు నీ 32/20 చూద్దాం. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిల్ సుమారు 3.7 మీటర్లు కదులుతుంది. చదును మీద నిమిషానికి 90 చుట్లు తిప్పినా గంటకి 20 కిలోమీటర్లే, గేర్లున్నవాళ్లు నిన్ను దాటి వెళ్లిపోతారు. నిలువు ఎక్కుడులో వేగం గంటకి 6 కిలోమీటర్లకి పడిందనుకో, అప్పుడు నువ్వు తిప్పేది నిమిషానికి 27 చుట్లు. అది తొక్కడం కాదు, ప్రతి చుట్టుకీ మోకాలి మీద ఒళ్లంతా మోపడం. అలా నాలుగు రోజులు చేస్తావా?

ఇంకోటి. టూర్ డివైడ్‌లో ఎంట్రీ ఫీజు లేదు, బహుమతి లేదు, నీ ఇష్టమొచ్చినంత సేపు దిగి తోసుకుంటూ పోవచ్చు. నీ రేసులాంటి రోజుకో దశగా సాగే స్టేజ్ రేసులో ప్రతి రోజుకీ ఇంత సమయంలోపు చేరాలనే కటాఫ్ ఉంటుంది. రెండింటినీ ఒకే గాట కట్టకు.

తెనాలి తొక్కుడు:
32/22 పెట్టెయ్ బ్రో, ఎక్కుడు తేలికవుతుంది. గొడవ వదిలిపోతుంది.

కరకట్ట కుర్రాడు:
22 పెడితే చదును మీద కాళ్లు గాల్లో తిరిగినట్టే. 20 ఉంచు.

తెనాలి తొక్కుడు:
హిమాచల్‌లో చదును ఎక్కడుంది?

కరకట్ట కుర్రాడు:
లోయల్లో నది పక్కన దారులు ఉండవా? రేసంటే అంతా ఎక్కుడేనా?

సైకిల్ డాక్టర్ (అరండల్‌పేట):
పళ్ల సంగతి తర్వాత. అసలు ఫ్రేమ్ ఏది? వెనక ఇరుసు ముందుకీ వెనక్కీ జరిగే ఫ్రేమా, లేక గేర్ల ఫ్రేమ్‌కి చైన్ బిగువుగా ఉంచే టెన్షనర్ తగిలించావా? టెన్షనరైతే "విరగడానికి ఉన్నవే తక్కువ" అనే మాట చెల్లదు, అది డిరైలర్ వేలాడే చోటే వేలాడుతుంది. రాయి తగిలితే అదీ వంగుతుంది. చైన్ లైన్ కూడా చూడాలి. పెడల్ దగ్గరి పళ్లు, వెనక పళ్లు ఒకే గీతలో లేకపోతే లేచి నిలబడి తొక్కినప్పుడు చైన్ పడిపోతుంది. సింగిల్ స్పీడ్‌లో ఎక్కుడంతా లేచే తొక్కుతారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

బురదలో విరగడం సంగతికొస్తే మాత్రం రైడర్ మాటే నిజం. వానాకాలంలో నా దగ్గరికి వచ్చే గేర్ల బండ్లు చూడండి. మన నల్లరేగడి డిరైలర్ చిన్న చక్రాల్లో పేరుకుని ఆరాక సిమెంట్‌లా గట్టిపడుతుంది. అది చూసుకోకుండా గట్టిగా తొక్కితే డిరైలర్ వేలాడే హ్యాంగర్ విరుగుతుంది.

కొండవీటి రైడర్:
ఇరుసు జరిగే ఫ్రేమే అన్నా, టెన్షనర్ లేదు.

పెడల్ అన్నా, మీ లెక్క తప్పనను. కానీ 27 చుట్లకి వచ్చేదాకా నేను ఎందుకు తొక్కుతాను? దిగి నడుస్తాను. ఆ ఏటవాలులో గేర్లున్నవాడు కూడా నాకంటే పెద్ద వేగంతో ఏమీ పోడు. 1937 దాకా టూర్ డి ఫ్రాన్స్‌లో డిరైలర్లకి అనుమతే లేదు. 1910లోనే పిరనీస్ పర్వతాల్లోని టూర్మలే కనుమ దాటారు, అదీ మట్టి దారిలో. వాళ్లకి మోకాళ్లు లేవా?

బెజవాడ పెడల్:
సగం చెప్పి సగం వదిలేస్తే ఎలా? వాళ్లు వెనక చక్రానికి రెండు వైపులా వేర్వేరు పళ్లు పెట్టుకునేవాళ్లు. కొండ మొదట్లో దిగి, చక్రం విప్పి, తిప్పి బిగించుకునేవాళ్లు. అంటే వాళ్లకీ గేరు మారాల్సిందే, చేత్తో మార్చుకున్నారు, అంతే. 1937లో అనుమతి రాగానే అందరూ డిరైలర్‌కి మారిపోయారు. గేర్లు లేకపోవడం గొప్పే అయితే ఎందుకు వదిలేశారు?

ఫిజియో గుంటూరు:
ఇద్దరూ మోకాళ్ల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి ఒక్క మాటండి. తక్కువ చుట్లతో బరువుగా తొక్కితే మోకాలి చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. సీటు కిందికి ఉంటే ఇంకా పెరుగుతుంది. అలాగని సింగిల్ స్పీడ్ తొక్కినవాళ్లందరి మోకాళ్లూ పోవు. నెలల తరబడి కొంచెం కొంచెంగా పెంచుకుంటే కండ అలవాటు పడుతుంది. మోకాలి ముందు భాగంలో నొప్పి మొదలైతే ఆ రోజుకి ఆపేయాలి. రేసులో ఆపుతారా అన్నదే నా అనుమానం.

బెజవాడ పెడల్:
ఆపడు మేడమ్. మొండివాడు. వాడు ఆగకపోతే వాడితో వెళ్లినవాళ్లు వాడి కోసం ఆగాలి.

కొండవీటి రైడర్:
నా కోసం ఎవరు ఎప్పుడు ఆగారు? పోయిన వేసవిలో మూలపాడు అడవి దారిలో రోళ్లు పగిలే ఎండలో అందరం ఎవరి కోసం నిలబడ్డాం? మీ హ్యాంగర్ విరిగితేనే కదా. నీళ్లు అయిపోయి ఒకడు వాంతి చేసుకున్నాడు. ఆ రోజు నేను ఒక్క మాట అనలేదు. ఇవాళ నా సైకిలే అందరికీ ఇబ్బంది అంటే ఎలా ఊరుకోమంటారు?

తెనాలి తొక్కుడు:
ఆ రోజు నేనూ ఉన్నాను. నిజమే.

బెజవాడ పెడల్:
హ్యాంగర్ విరిగింది, చైన్ కత్తిరించి గేర్లు లేకుండానే ఇంటికి తొక్కాను. అది ఎత్తిపొడుస్తావా? సరే, అయితే నాకు అసలు కోపం ఎక్కడో చెప్తాను విను.

మా నాన్న కంకిపాడు నుంచి బందరు రోడ్డు మీద బెజవాడకి పాలు పోసేవాడు. నల్ల సైకిల్, వెనక రెండు క్యాన్లు, ముందు 44 పళ్లు, వెనక 18. నీ మౌంటెన్ బైక్ కంటే తొక్కడానికి చాలా బరువైన లెక్క అది. మధ్యాహ్నం తిరిగి వెళ్లేటప్పుడు సముద్రం వైపు నుంచి ఎదురుగాలి. యాభై దాటకముందే మెట్లు ఎక్కలేని మనిషి అయ్యాడు. ఆయన్ని ఎవరూ రైడర్ అనలేదు, ఫోటో తీయలేదు. దుకాణం ముందు సైకిల్ ఆనిస్తే తీసేయమనేవాళ్లు. నా మొదటి జీతంతో గేర్ల సైకిల్ కొన్నప్పుడు ఆయన దాన్ని నిమురుతూ కూర్చున్నాడు. ఇప్పుడు నువ్వు లక్ష పోసి, ఉన్న గేర్లు లేకుండా చేసుకుని, దాన్ని "స్వచ్ఛమైన తొక్కుడు" అని కాలేజీ పిల్లల గ్రూపులో పెడుతున్నావు. వాళ్లు లైకులు కొడుతున్నారు. మాకు గతిలేక చేసిన పని నీకు ఘనత ఎలా అయింది?

ఫిజియో గుంటూరు:
ఇది ముందే చెప్పి ఉండాల్సింది అండి.

కొండవీటి రైడర్:
అన్నా, మీ నాన్నగారి సంగతి నాకు తెలియదు. తెలిస్తే మూలపాడు మాట ఎత్తేవాణ్ణి కాదు.

కానీ నా మాట కూడా వినండి. ఆయన తొక్కింది, నేను తొక్కేది ఒకటే అని నేను ఎప్పుడూ అనలేదు. ఆయనకి పాలు చేర్చాలి, వీలు కాదంటే కుదరదు. నాకు ఎప్పుడైనా దిగిపోయే వీలుంది. గేర్ల సైకిల్ మీద ఉన్నప్పుడు నా బుర్రంతా ఏ గేరులో ఉన్నాను, కాళ్ల బలం ఎన్ని వాట్స్, ముందువాడు ఏ గేరులో ఉన్నాడు అని. ఆఫీసులో పగలంతా తెరల మీద అంకెలే, సాయంత్రం కూడా అవే. సింగిల్ స్పీడ్‌లో కూర్చుని తొక్కు, లేచి తొక్కు, లేదా దిగి నడువు. ఆ మూడింటిలోనే దారి కనిపిస్తుంది నాకు. దాన్ని పిల్లలతో పంచుకుంటే మీ నాన్నగారిని తక్కువ చేసినట్టు ఎలా అవుతుంది?

బెజవాడ పెడల్:
నీకు అలా ఉంటే తొక్కు. నేను రేసు వద్దనడం లేదు ఇప్పుడు. పిల్లలకి మాత్రం "గేర్లు వాడేవాళ్లు బలహీనులు" అనే పోస్టులు వద్దు. అందులో ఇద్దరు ఇంకా పాత నల్ల సైకిళ్ల మీదే కాలేజీకి వస్తున్నారు, గేర్ల సైకిల్ కోసం డబ్బు దాచుకుంటున్నారు.

కొండవీటి రైడర్:
ఆ ఒక్క పోస్టు తీసేస్తాను. మిగతావి ఉంచుతాను, అందులో మాత్రం మీతో ఏకీభవించను.

బెజవాడ పెడల్:
ఉంచుకో. ఆదివారం కోటప్పకొండ ఘాట్‌కి రా. ఒకసారి ఎక్కి దిగి, వెంటనే మళ్లీ ఎక్కాలి. 22తో రా.

కరకట్ట కుర్రాడు:
20 అన్నా, 20!

సైకిల్ డాక్టర్ (అరండల్‌పేట):
వెనక బిగించే 22 పళ్ల ఫ్రీవీల్ నా దగ్గర ఉంది. మార్చాక ఇరుసు కొంచెం ముందుకి జరుగుతుంది, చైన్ పొడవు సరిపోతుందో లేదో చూడాలి. శనివారం ఎనిమిదిలోపు తీసుకురా, చైన్ కడిగి తీసుకురా.