పసిబిడ్డల చావులు తగ్గింది తల్లులకి చెప్పిన పాఠాల వల్లా, డ్రైనేజీల వల్లా?

గోదారోడు: 1899లో ఇంగ్లండ్, వేల్స్‌లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 163 మంది ఏడాది నిండకుండానే పోయారు, 1912కి అది 95. మిల్లుల ఊరు హడర్స్‌ఫీల్డ్‌లో మేయర్ బ్రాడ్‌బెంట్ అయితే లాంగ్‌వుడ్ పేటలో పుట్టిన ప్రతి బిడ్డకీ కాగితం రాసిచ్చాడు, ఏడాది బతికితే ఒక పౌండు ఇస్తానని. ఇంటింటికీ ఆడవాళ్ళని పంపి పాలు పట్టడం, సీసా కడగడం చెప్పించారు. నన్నడిగితే కాపాడింది అదే. డ్రైనేజీలు 1875 ప్రజారోగ్య చట్టం నుంచీ వేస్తూనే ఉన్నారుగా, అప్పుడెందుకు తగ్గలేదు?

మల్లెతీగ: 1910లో 105, 1911లో 130, 1912లో 95 అండీ. తల్లులు ఒక ఏడాది పాఠాలు మర్చిపోయి మళ్ళీ మరుసటి ఏడు నేర్చుకున్నారా? 1911లో ఎండలు మండిపోయాయి. వీధి నిండా గుర్రాల పేడ, ఇళ్ళ వెనక మరుగుదొడ్డి గుంటలు, వాటి మీద వాలిన ఈగలే వచ్చి పాల మీద వాలేవి. పిల్లలు విరేచనాలతో పోయారు. మీరు చెప్పే డ్రైనేజీ ఆ మిల్లు వాడల్లో చాలా ఇళ్ళకి అప్పటికీ రాలేదు.

గోదారోడు: అదే ఎండలో తల్లిపాలు తాగే పిల్లలు చాలా తక్కువ పోయారు, పోయింది ఎక్కువగా సీసా పిల్లలే. ఆ సీసా ఫొటో చూశారా? గాజు బుడ్డికి పొడుగాటి రబ్బరు గొట్టం, చివర పీక, బిడ్డ పడుకునే తాగొచ్చని. గొట్టంలోకి బ్రష్ సరిగ్గా పోదు, పాలు లోపలే విరిగి పులిసిపోతాయి. అది వాడొద్దని చెప్పడం తప్పా?

కిట్టు: ఫ్రాన్స్‌లో 1910లో ఆ గొట్టం సీసాలని చట్టం పెట్టి నిషేధించారు.

మల్లెతీగ: మీరు గొట్టం దగ్గరే ఆగిపోయారు. నాలుగిళ్ళకీ ఒక కుళాయి ఉంటే తల్లి ఎన్నిసార్లు కడుగుతుంది? పాలు సీసాలోకి రాకముందే చెడిపోయేవి, అందుకే 1899లో ఇంగ్లండ్‌లోని సెయింట్ హెలెన్స్ మునిసిపాలిటీ తనే డిపో పెట్టి శుద్ధి చేసిన పాలు అమ్మింది.

గోదారోడు: ఆ డిపో పాలు అందింది ఎంతమందికి, కొద్దిమందికే. మాట మాత్రం ప్రతి గడపకీ వెళ్ళింది. మా అమ్మ 22 ఏళ్ళు అంగన్‌వాడీలో చేసింది, గ్లాసు, చెంచా పట్టుకెళ్ళి ఓఆర్‌ఎస్ ఎలా కలపాలో ఇంటింటికీ చూపించేది. ఆ పని లెక్కలోకి రాదంటే నాకు ఒళ్ళు మండుతుంది.

రాధిక: అమ్మగారికి నమస్కారాలు 🙏

మల్లెతీగ: మీ అమ్మగారిని నేనేమీ అనలేదు, ఆవిడ చేసింది గొప్ప పని. మా బాబుకి నాలుగో నెలలో విరేచనాలు పట్టుకుంటే హాస్పిటల్లో నర్సు వార్డు మొత్తం వినేలా "ఉద్యోగం కావాలా, పిల్లాడు కావాలా" అంది. ఆ వారం మా వీధిలో మురుగు పైపు పగిలి కుళాయి నీళ్ళు పచ్చగా వచ్చాయి, నేను చెప్తున్నా ఎవరూ వినలేదు. ఇంగ్లండ్‌లో లాంకషైర్ బట్టల మిల్లుల్లో పనిచేసే తల్లులకీ ఇదే జరిగింది. ప్రసవమయ్యాక నాలుగు వారాలు పనిలో పెట్టుకోకూడదని 1891లో చట్టం చేశారు, ఆ నాలుగు వారాలకి కూలి మాత్రం ఇప్పించలేదు. ఇంక ఆవిడ ఇంట్లో కూర్చుని పాలెలా ఇస్తుంది?

గోదారోడు: తల్లిది తప్పని నేను ఎక్కడా అనలేదండీ, ఆ నర్సు అలా అనడం ముమ్మాటికీ తప్పే. కానీ పైపు బాగయ్యేదాకా బిడ్డ ఆగడు, ఈలోపు తల్లి చేతిలో ఉన్నదేదో చెప్పాలి కదా.

మల్లెతీగ: చెప్పండి, ఎవరొద్దన్నారు. పైపు ఎవరి చేతిలో ఉందో కూడా అంత గట్టిగానూ చెప్పండి. 1913 నుంచి బీమా ఉన్న ఇళ్ళలో కాన్పుకి 30 షిల్లింగులు ఇచ్చారు, అదీ సాయం అంటే.

కిట్టు: ఆ 30 షిల్లింగులు మొదట్లో భర్త బీమా మీద వస్తే భర్తకే ఇచ్చేవాళ్ళు. ఆడవాళ్ళ సంఘాలు పోరాడితే అదే ఏడాది చట్టం మార్చి తల్లి డబ్బే అన్నారు.