ఒట్టావా చలికాలం: హీటర్ పక్కనే కూర్చోవాలా, బయటికెళ్ళి ఎంజాయ్ చేసేవాళ్ళున్నారా?

బెజవాడ_ఎండ:
హాయ్ అండి, మాది విజయవాడ, మొన్న ఆగస్టులో కెనడా వచ్చాం, ఇదే మొదటి వింటర్. నిన్న పొద్దున్నే చెత్త పడేద్దామని బయటికెళ్తే మైనస్ 22, ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టి గుచ్చుకున్నట్టయింది, ఏమైందో అర్థంకాక ముక్కు పట్టుకుని లోపలికి పరిగెత్తుకొచ్చా 😄 ఏప్రిల్ దాకా ఇంతేనా?

పాతకాపు:
ముందు బట్టలు సరిచేసుకోండి, సగం చలి అక్కడే పోతుంది. ఒంటికి ఆనుకుని థర్మల్, దానిమీద ఉన్ని, పైన గాలి చొరబడని కోటు. జీన్స్ వద్దు, తడిసిందంటే అయిపోయినట్టే. స్నో ప్యాంట్లు పిల్లలకే అనుకుంటారు మనవాళ్ళు, పెద్దాళ్ళకీ కావాలి. విడివిడి వేళ్ళ గ్లోవ్స్ కన్నా, నాలుగు వేళ్ళూ ఒకే అరలో పట్టే మిటెన్స్ వెచ్చన.

కాలవగట్టు:
రిడో కెనాల్‌కి వెళ్ళకపోతే ఒట్టావాలో ఉండి దండగ అండి. గడ్డకట్టిన కాలవ మీద 7.8 కిలోమీటర్ల స్కేటింగ్ దారి, డౌన్‌టౌన్ నుంచి డౌస్ లేక్ దాటి వెళ్తుంది, టికెట్ లేదు. మీ బందరు కాలవ గడ్డకట్టి దానిమీద జనం బ్యాగులు తగిలించుకుని స్కేట్స్ మీద ఆఫీసుకి పోతున్నట్టు ఊహించుకోండి, అచ్చం అదే. ఐసు దాదాపు 30 సెంటీమీటర్లు గట్టిపడితేగానీ తెరవరు, 2022-23లో అయితే చలి చాలక సీజనంతా తెరవనేలేదు, 1970ల్లో మొదలయ్యాక అలా జరగడం అదే మొదటిసారి, కాబట్టి తెరిచారని తెలిస్తే వీకెండ్ చూద్దాంలే అనుకోకుండా వెళ్ళిపోవాలి. నేను మొదటిరోజు రెండు జతల లావు సాక్సులేసుకుని మడమలు వంకర్లు తిరిగి ఏడ్చా, ఒక్కటే పల్చటి జత వేసుకుని లేసులు బిగించి కట్టండి. మోకాళ్ళు వంచి ఉంచండి, పడితే పక్కకి పడండి, వెనక్కి మాత్రం వద్దు. పొద్దున్నే వెళ్తే రాత్రి నీళ్ళు పోసి సాపు చేసిన ఐసు అద్దంలా ఉంటుంది, మధ్యాహ్నానికి గీతలే గీతలు.

అరిసెలపాకం:
తిండి సంగతి ఎవరూ చెప్పరేంటి?! బీవర్‌టెయిల్ తినండి, సాగదీసి నూనెలో వేయించిన గోధుమపిండి రొట్టె, పైన చక్కెర, దాల్చినచెక్క పొడి. ఇంకోటి మేపుల్ టాఫీ. మేపుల్ చెట్టు రసం కాచి చేసే సిరప్‌ని ఇంకా మరగకాచి శుభ్రమైన మంచు మీద గీతలా పోస్తారు, క్షణాల్లో బిగుస్తుంది, పుల్లకి చుట్టుకుని తినడమే. మొదటిసారి చూసినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది, అరిసెలకి పాకం వచ్చిందో లేదో పళ్ళెంలో నీళ్ళలో చుక్క వేసి చూసేది కదా, ఇక్కడ నీళ్ళ బదులు మంచు, అంతే తేడా. పాకం ముదిరితే పళ్ళకి పట్టేస్తుంది, అదీ సేమే.

నడుంనొప్పి:
మీరంతా పొయెట్రీ చెప్తున్నారు, పార పట్టుకుని వాకిట్లో మంచు ఎత్తేది ఎవరు మరి?

పాతకాపు:
@నడుంనొప్పి పారకి కొంచెం నూనె స్ప్రే చెయ్యి, మంచు అంటుకోదు. ఎత్తకు, తోసెయ్యి.

బెజవాడ_ఎండ:
ఇంకో డౌట్, పిల్లలు స్నోమ్యాన్ చేద్దామంటే ముద్ద కట్టట్లేదు, పొడి ఇసకలా జారిపోతోంది?

కాలవగట్టు:
అంత చలిలో కట్టదండి. సున్నాకి దగ్గరగా వచ్చిన రోజు తడి మంచు పడుతుంది, అప్పుడు చెయ్యాలి. అప్పటిదాకా ఫిబ్రవరిలో వింటర్‌లూడ్ అని చలికాలపు పండగ ఉంది, ఐసు శిల్పాలు, నది అవతల గాటినోలో పిల్లలకి మంచు జారుడుబల్లలు.

బెజవాడ_ఎండ:
అప్డేట్: శనివారం కెనాల్‌కి వెళ్ళాం! నేను ఏడుసార్లు పడ్డా, ఆరేళ్ళ మా బుడ్డోడు ఒక్కసారే. ఊళ్ళో అత్తయ్యకి వీడియో కాల్ చేస్తే "కాలవ మీద తిరుగుతున్నారా, మునిగిపోతారు, గట్టెక్కండి ముందు" అని ఒకటే కేకలు. మేపుల్ టాఫీ దొరకలేదు, ఏ వైపు అమ్ముతారో చెప్పండి అరిసెలపాకం గారూ, ఆదివారం మళ్ళీ పోతున్నాం.