ఒక్క లైనైతే పేజీ వస్తోంది, ఎంటర్ కొడితే 400 ఎర్రర్

నో-కోడ్ యాప్‌లో ఫారమ్ సబ్మిట్ చేయగానే వెబ్‌హుక్‌తో (ఒక యాప్ ఇంకో యాప్‌కు తనంతట తానే పంపే కబురు) ఆటోమేషన్ మొదలై, మా టీమ్ డాక్యుమెంట్ల టూల్‌లో కొత్త పేజీ తయారవ్వాలి. ‘వివరాలు’ ఫీల్డ్‌లో ఒకే లైన్ రాస్తే రెండు మూడు సెకన్లలో వచ్చేస్తోంది. మధ్యలో ఎంటర్ కొట్టినా, డబుల్ కోట్స్ పెట్టినా 400 ఎర్రర్ (పంపిన రిక్వెస్ట్ సరిగా లేదని), జేసన్ (JSON, యాప్‌ల మధ్య డేటా పంపే టెక్స్ట్ ఫార్మాట్) చెల్లదని.

టోకెన్ మార్చాను, పర్మిషన్లు మళ్లీ ఇచ్చాను. గంట దండగ, కారణం అవి కాదు. రిక్వెస్ట్ బాడీని, అంటే ఆ టూల్‌కు పంపే జేసన్‌ను, నేనే చేత్తో టైప్ చేసి, కోట్స్ మధ్య ఆ ఫీల్డ్‌ను పెట్టాను. ఎంటర్ బదులు స్పేస్ వచ్చేలా రీప్లేస్ చేస్తే పేజీ వస్తోంది గానీ, పేరాలన్నీ ఒకే ముద్దగా అతుక్కుపోతున్నాయి. ఆటోమేషన్ మధ్యలో కోడ్ రాసుకునే స్టెప్ మా ప్లాన్‌లో లేదు.

పేరాలు, కోట్స్ ఉన్నవి ఉన్నట్టే వెళ్లాలంటే, కోడ్ లేకుండా ఆ టెక్స్ట్‌ను జేసన్‌లో ఎలా పెట్టాలి?