"...భ్రష్ట సంపాతముల్": ముందు పాదం ఏమిటి?

పద్యప్రియ: కెనడా వైమానికుడు మైనార్‌స్కీ మీద మా సంఘం సంచికకి వ్యాసం రాస్తున్నాను. 1944 జూన్ 12-13 రాత్రి ఫ్రాన్సులో కాంబ్రే రైల్వే యార్డు మీదికి వెళ్ళిన కెనడా లాంకాస్టర్ బాంబర్ విమానాన్ని జర్మన్ యుద్ధవిమానం యుంకర్స్ 88 కాల్చింది. ఎడమవైపు ఇంజన్లు రెండూ పోయాయి, దూకెయ్యమన్నాడు పైలట్. హైడ్రాలిక్ గొట్టాలు తెగి, తోక తుపాకి గూట్లో గన్నర్ బ్రోఫీ ఇరుక్కుపోయాడు. మైనార్‌స్కీ దూకకుండా మంటల్లోంచి పాక్కుంటూ వెళ్ళి గొడ్డలితో పెనుగులాడాడు. ఇక లాభం లేదు, వెళ్ళిపొమ్మని బ్రోఫీ సైగ చేస్తే సెల్యూట్ చేసి దూకాడు. పారాచూట్ అప్పటికే అంటుకుంది, బతకలేదు. విమానంతో పాటు కూలిన బ్రోఫీ బతికాడు! శీర్షికకి ఈ ముక్కే బుర్రలో తిరుగుతోంది.

గణవిభజన: ఏనుగు లక్ష్మణకవి శార్దూలం, "ఆకాశంబున నుండి". గంగ ఆకాశం నుంచి పాతాళం దాకా మెట్టుమెట్టుగా పడడాన్ని వివేకం తప్పినవాడి పతనంతో పోలుస్తుంది. చివర "పెక్కు భంగులు వివేకభ్రష్ట సంపాతముల్". శీర్షికకి మాత్రం వద్దండీ. అక్కడ పడేది వివేకం తప్పినవాడు. తోటివాడి కోసం వెనక్కి వెళ్ళినవాడికి ఆ మాట అంటగడతామా?

పద్యప్రియ: "సంపాతం" ఒక్కటే తీసుకుంటే?

మాష్టారు: ఆ పద్యానికి సంస్కృత మూలంలో భర్తృహరి "వినిపాతః శతముఖః" అన్నాడు. వినిపాతమంటే పతనమే. సంపాతం అలా కాదు, కలిసి పడడం, ఢీకొనడం, పక్షి ఎగిరే ఒక తీరు కూడా. లక్ష్మణకవి కావాలనే మార్చారు.

గణవిభజన: గణం కోసం మార్చారు మాష్టారూ. అక్కడ రెండు తగణాలూ (గురువు, గురువు, లఘువు) గురువూ రావాలి. "వినిపాత" రెండు లఘువులతో మొదలవుతుంది, ఇమడదు.

మాష్టారు: ఇమడకపోతే పాదమే తిరగరాయగల కవి ఆయన. పాతాళాన్ని "పవనాంధోలోకమున్" అన్న చెయ్యి అది!

హామిల్టన్‌వాసి: పవనాధోలోకం కాదా? బళ్ళో అలాగే వల్లించాం.

గణవిభజన: సున్న ఉండాలి. అంధస్సు అంటే అన్నం, గాలి మేసే పాముల లోకం. "నా" ఎలాగూ దీర్ఘమే కనక గణం చెడదు, అందుకే ఆ తప్పు ఇన్నాళ్ళు నిలిచింది.

హామిల్టన్‌వాసి: ఇక్కడ కెనడాలో మా హామిల్టన్ మ్యూజియంలో ఇప్పటికీ ఎగిరే లాంకాస్టర్‌కి మైనార్‌స్కీ విమానం గుర్తులే వేశారు, వీఆర్-ఏ అని. తోక గూడు ఎంత ఇరుకంటే మనిషి పడితే పారాచూట్ పట్టదు, దాన్ని బయట పెట్టుకునేవారు. శీర్షిక "సంపాతి" అని పెట్టండి. సూర్యుడి వేడికి జటాయువు తాళలేకపోతే రెక్కలు కప్పి, తాను కాలి వింధ్య మీద పడ్డాడు. తమ్ముడు దక్కాడు.

పద్యప్రియ: ఒళ్ళు జలదరించింది. ఆ పేరులో "సం" కూడా కలిసి అనేనా?

మాష్టారు: పత్ ధాతువుకి ఎగరడం, పడడం రెండూ అర్థాలే. పతంగం ఎగిరేది, పతనం పడడం. సంపాతిలో ఉన్నది ఎగరడమే.

గణవిభజన: మరి గంగ ఎక్కడ ఎగిరింది? పద్యంలో ఆసాంతం పడడమే కదా. ఇక్కడొక అర్థం, అక్కడొక అర్థం ఎలా కుదురుతుంది?

మాష్టారు: కుదురుతుంది, రాత్రికి వివరంగా రాస్తాను. ఈలోగా మీరు చెప్పండి, పద్యంలోని "గంగాకూలంకష"ని (కూలంకష అంటే నది) ఒకే సమాసంగా తీసుకుంటారా, విడదీస్తారా?