కోనసీమ పల్లపు నేలలో ఇల్లు: పర్యావరణ భారం ఎక్కడ తగ్గుతుంది?

ప్రశ్న – కొబ్బరితోట

అమలాపురానికి దగ్గరలోని ఒక గ్రామంలో మాకు ఐదు సెంట్ల స్థలం, అందులో మా తాతగారి కాలంనాటి పెంకుటిల్లు ఉన్నాయి. గోడలు ఇటుకతో, సున్నంతో కట్టినవి. దూలాలు కొన్ని చెదపట్టాయి. వానాకాలంలో వీధి నీరు అరుగు దాకా వస్తుంది. దాన్ని విప్పి, వెయ్యి చదరపు అడుగుల్లో ఒక అంతస్తు ఇల్లు కట్టుకోవాలనుకుంటున్నాము. ప్రకృతికి వీలైనంత తక్కువ నష్టం జరగాలని మా అమ్మాయి పట్టుబడుతోంది, నాకూ అదే ఇష్టం. అయితే అడిగిన వారల్లా ఒక్కో వస్తువు పేరు చెబుతున్నారు: ఒకరు బూడిద ఇటుక అంటే మరొకరు తేలిక దిమ్మలంటారు, ఇంకొకరు సోలార్ పలకలంటారు. మేస్త్రి గారు మాత్రం ముందు స్థలమంతా మూడడుగులు మెరక చేయించమంటున్నారు. ఖర్చు పరిమితంగా ఉన్నప్పుడు దేనిమీద ముందు దృష్టి పెట్టాలో, మన ఉప్పు గాలికి ఏది నిలుస్తుందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు – కాకినాడ ఇంజనీరు

కొబ్బరితోట గారూ, ఇటుక సంగతి తరువాత చూద్దాము, ముందు మెరక లెక్క చూడండి. ఐదు సెంట్లంటే 242 గజాలు, అంటే 2,178 చదరపు అడుగులు. దాన్ని మూడడుగులు లేపాలంటే, అణిగిన తరువాతి కొలతలోనే 65 యూనిట్లకు (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు) పైగా గ్రావెల్ కావాలి. అది కోనసీమలో దొరికేది కాదు. మెట్ట ప్రాంతపు కొండలను తవ్వి, లారీల్లో గోదావరి దాటించి తేవలసిందే. పైగా ఇన్నాళ్ళూ మీ దొడ్లో నిలిచిన వాన నీరు పక్కవారి దొడ్లోకి పోతుంది, వారు కట్టుకునేటప్పుడు మీకంటే అరడుగు ఎక్కువ లేపుతారు. డెల్టాలో ఏ వీధిలో చూసినా ఈ పోటీ కనబడుతూనే ఉంది. ఇల్లు కూర్చునే మేరకే పునాది ఎత్తు పెంచి, దొడ్డిని ఉన్న మట్టంలోనే వదిలి, నిలిచే నీటికి వీధి బోదెలోకి తూము పెట్టించుకుంటే 30 యూనిట్లతో పని పూర్తవుతుంది.

రెండవది సిమెంటు. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడులో 7 నుంచి 8 శాతం దాకా సిమెంటు తయారీదే. బట్టీలో మండే బొగ్గు కంటే, సున్నపురాయి వేడికి విడిపోయేటప్పుడు రాయిలోంచే బయటపడే వాయువు ఇందులో ఎక్కువ భాగం కాబట్టి ఇంధనం మార్చినంత మాత్రాన ఇది పోదు, ఆ రాయిని కాల్చగా వచ్చి సిమెంటుకు మూలమయ్యే గడ్డల, అంటే క్లింకరు, వాడకమే తగ్గాలి. మన వైపు మోటు లెక్కన వెయ్యి అడుగుల ఇంటికి 400 బస్తాలు, అంటే 20 టన్నులు పడుతుంది. మేస్త్రులు అలవాటుగా అడిగే 53 గ్రేడు సిమెంటు దాదాపు అంతా క్లింకరే. ఉక్కు కర్మాగారాల కొలిమి చిట్టెంతో చేసే స్లాగ్ సిమెంటులో చిట్టెం 25 నుంచి 70 శాతం వరకు ఉండవచ్చునని ఐఎస్ 455 అనే భారత ప్రమాణం చెబుతుంది. సగం చిట్టెమే అనుకున్నా మీ ఇంటికి సుమారు తొమ్మిది టన్నుల క్లింకరు, దానితో పాటు ఏడు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడు తగ్గుతాయి. సోలార్ పలకల మాట ఎప్పుడైనా ఆలోచించవచ్చు. సిమెంటు నిర్ణయం మాత్రం ఒక్కసారే.

ఉప్పు గాలి ప్రశ్నకు కూడా స్లాగ్ సిమెంటే జవాబు, ఎందుకంటే దానితో పోసిన కాంక్రీటులోకి చువ్వలను తుప్పుపట్టించే ఉప్పులోని క్లోరైడు నెమ్మదిగా చొరబడుతుంది. సముద్రపు గాలి నేరుగా తగిలే చోట ఐఎస్ 456 ప్రకారం కనీసం ఎం30 అనే బలం శ్రేణి కాంక్రీటు, నీరు-సిమెంటు నిష్పత్తి 0.45కు మించకుండా, చువ్వలపై 45 మిల్లీమీటర్ల కవరు, అంటే కాంక్రీటు పొర, ఉండాలి. పాతికేళ్ళకే చువ్వ తుప్పుపట్టి, స్లాబు పెచ్చులూడి, మళ్ళీ పడగొట్టే ఇల్లు ఏ ఇటుకతో కట్టినా పర్యావరణానికి మేలు చేసినట్టు కాదని నా అభిప్రాయం. నేల నల్లబంక అయితే భూసార పరీక్షలాంటిది కాదు, పునాది కోసం చేసే మట్టి పరీక్ష చేయించి, అడుగున ఉబ్బెత్తుగా ఉండే పునాది స్తంభాలు (అండర్‌రీమ్డ్ పైల్స్) అవసరమో కాదో తేల్చుకోండి. పరీక్ష లేనిచోట భయంతో వేసే అదనపు ఇనుము, కాంక్రీటు తక్కువేమీ కాదు.

జవాబు – గౌతమీ తీరం

పై జవాబుతో ఏకీభవిస్తూనే, పాత ఇంటి గురించి ఎవరూ మాట్లాడలేదని గుర్తుచేస్తున్నాను. దాన్ని జేసీబీకి అప్పగించకండి. సున్నంతో కట్టిన గోడలో ఇటుక చేతితోనే శుభ్రంగా ఊడి వస్తుంది. సిమెంటుతో కట్టిన గోడకు ఆ గుణం లేదు. మంచి ఇటుకలు ప్రహరీకి, లోపలి గోడలకు పనికివస్తాయి. ముక్కలు, పాత సున్నపు పెళ్ళలు పునాది గదుల్లో నింపి దిమ్మిస కొట్టిస్తే ఆ 30 యూనిట్లలోనూ కొంత తగ్గుతుంది. చెదపట్టని టేకు దూలాలను కోయిస్తే ద్వారబంధాలకు, కిటికీలకు కొత్త కలప కొనవలసిన పని ఉండకపోవచ్చు.

కొత్త ఇటుక కొనవలసి వస్తే, బట్టీకి మట్టి ఎక్కడినుంచి వస్తోందో అడగండి. లంకల్లోని ఒండ్రు మట్టి ఇటుకకు శ్రేష్ఠమే, కానీ అరటికీ కూరగాయలకూ కూడా అదే శ్రేష్ఠం, తవ్విన చోట వరదకు గట్టు కోసుకుపోతుంది. బూడిద ఇటుకకు కాల్చే పని లేదు, థర్మల్ కేంద్రాల బూడిద ఖర్చవుతుంది. అయితే తగినన్ని రోజులు తడపకుండా అమ్మేసేవారున్నారు. రెండు ఇటుకలు ఒకదానితో ఒకటి కొట్టి, అంచులు రాలితే వెనక్కి పంపండి.

ఇసుక గురించి ఒక్క మాట. డెల్టాను నిలబెట్టేది నది తెచ్చే ఒండ్రు, ఇసుకే. ఎగువన ఆనకట్టలు దాన్ని ఆపుతున్నాయి, దిగువన మనం తవ్వుతున్నాము. ఐఎస్ 383 రాతిని పిండిచేసిన ఇసుకను అనుమతిస్తుంది కనుక కాంక్రీటుకు రోబో ఇసుక వాడి, గోదావరి ఇసుకను పూతపనికి మాత్రమే ఉంచండి. క్రషరు దగ్గర దొరికే దుమ్మునే రోబో ఇసుక అని అంటగడతారు, జాగ్రత్త. సముద్రపు ఇసుక జోలికి మాత్రం పోవద్దు.

జవాబు – కొబ్బరితోట

ఇద్దరికీ కృతజ్ఞతలు. దొడ్డి మెరక మానుకున్నాము. స్లాగ్ సిమెంటు ఆలస్యంగా గట్టిపడుతుందని, సెంట్రింగు అద్దె పెరుగుతుందని మేస్త్రి గారు ఒప్పుకోవడం లేదు. స్లాబు ఏప్రిల్‌లో పోయాలని అనుకుంటున్నారు.

జవాబు – కాకినాడ ఇంజనీరు

మేస్త్రి గారు చెప్పినది నిజమేనండి. మామూలు సిమెంటుతో నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు ఏడు రోజులకు ఊతకర్రలు తీయవచ్చు. స్లాగ్ సిమెంటుకు ఇంకొన్ని రోజులు ఉంచాలి. తడపడం కనీసం పది రోజులు, వీలైతే పధ్నాలుగు. ఆ అదనపు అద్దెను ఖర్చులో ముందే రాసుకోండి.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ఏప్రిల్ నెల. వేసవిలో కాలువలు కట్టేస్తారు, బోరు నీరు ఉప్పెక్కుతుంది, మన వైపు స్లాబులన్నీ సరిగ్గా అప్పుడే పోస్తారు. ఇనుమున్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. కలపడానికైనా, తడపడానికైనా మీ బోరు నీటిని ముందే పరీక్ష చేయించండి. పరిమితి దాటితే కాలువ నీరు ఉండగానే, ఫిబ్రవరిలోగా స్లాబు పూర్తయ్యేలా పని జరుపుకోండి.